చంకన ఒకరు, చేయి పట్టుకుని మరొకరు

మనిషికి అతి దగ్గరి బంధువైన చింపాంజీలో తల్లి ఒక కాన్పుకూ మరో కాన్పుకూ మధ్య సగటున అయిదారేళ్లు ఎడం పాటిస్తుంది. ఒరాంగుటాన్ తల్లి ఏడెనిమిదేళ్ల దాకా ఆగుతుంది. పెద్దపిల్ల పాలు మరిచి, చెట్టెక్కి తన పండు తాను కోసుకోగలిగాకే ఆ తల్లులు మరో పిల్లను కంటాయి కనుక, ఏ సమయంలోనైనా పూర్తిగా తల్లి మీద ఆధారపడిన పిల్ల వాటికి ఒక్కటే ఉంటుంది. మనిషి విషయంలో ఈ లెక్క తలకిందులైంది. వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే సమాజాల్లో సైతం తల్లి మూడు నాలుగేళ్లకే మళ్లీ బిడ్డను ఎత్తుకుంటుంది, అప్పటికి పెద్దబిడ్డ తన తిండి తాను సంపాదించుకోవడానికి ఇంకా పదిహేనేళ్లు పట్టేలా ఉన్నా సరే. పాలు తాగే బిడ్డ, ఇప్పుడిప్పుడే పరుగెత్తే బిడ్డ, ప్రశ్నలతో వేధించే బిడ్డ, ముగ్గురినీ ఏకకాలంలో పెంచేది తోకలేని వానరాల కుటుంబం మొత్తంలో మనిషి తల్లి ఒక్కతే. ఇలా పేర్చినట్టు పుట్టిన పిల్లలను ఒంటరి స్త్రీ పోషించడం సాధ్యమయ్యే పని కాదని మానవశాస్త్రవేత్తలు లెక్కగట్టారు: ఒక బిడ్డ పుట్టింది మొదలు తన కాళ్ల మీద తాను నిలబడేదాకా తినే తిండి కోటి నుంచి కోటీ ముప్ఫై లక్షల కిలోకేలరీలు, అంటే అడవిలో ఏ తల్లీ తన రెండు చేతులతో కూడబెట్టలేనంత శక్తి. మిగిలిన తిండి, మిగిలిన కాపలా ఇతరుల చేతుల నుంచి వచ్చింది. ఈ పద్ధతిని సహకార సంతానపోషణ అంటారు; అమెరికన్ శాస్త్రవేత్త సారా హర్డీ 2009లో వెలువరించిన 'మదర్స్ అండ్ అదర్స్' గ్రంథం మానవ స్వభావానికే ఇది పునాది అని వాదించింది.

ఈ సత్యాన్ని పరీక్షించి చూడటానికి అడవులకు వెళ్లనవసరం లేదు. హైదరాబాదులో ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతాల్లో బడి ఉన్న ఏ రోజైనా ఉదయం వేళ అది వీధిలోనే కనిపిస్తుంది. 1834 నాటి సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూలు, 1855 నాటి ఆల్ సెయింట్స్, 1904 నాటి రోజరీ కాన్వెంట్ వంటి పాత బడులన్నీ గన్‌ఫౌండ్రీ, చాపెల్ రోడ్డు, ఆబిడ్స్ సందుల చుట్టుపక్కలే ఉన్నందున, ఆ వేళకు స్కూల్ ఆటోలు, స్కూటర్లు, నడిచి వచ్చే తల్లులు ఒకే ఇరుకులో కలుస్తారు. పెద్దబిడ్డను గేటు దాకా తెచ్చే తల్లి చంకలో చిన్నబిడ్డ కూడా ఉండటం అక్కడ సాధారణ దృశ్యం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక స్త్రీకి సగటు సంతానం 1.8 మాత్రమే కనుక, పాతకాలపు తల్లితో పోలిస్తే నేటి తల్లికి భారం తగ్గిందని తేలిగ్గా అనేస్తారు. పిల్లల సంఖ్య తగ్గిన మాట నిజమే. కాని సాయం పట్టే చేతులు ఎన్ని మిగిలాయో కూడా లెక్కించకుండా ఆ తీర్పు చెప్పడం అన్యాయం.

తల్లి రోజులో అత్యధిక ఆందోళన తిండి చుట్టూ తిరుగుతుంది. ఏడాది దాకా పెట్టిందల్లా తిన్న బిడ్డ రెండో ఏట నోరు బిగించుకుంటుంది. నాలుగేళ్లవాడి టిఫిన్ డబ్బాలో పెట్టిన ఇడ్లీలు పెట్టినట్టే తిరిగి వస్తాయి. ఇంట్లో పెద్దలు బిడ్డ చిక్కిపోయిందని తల్లిని నిలదీస్తారు. ఇందులో చాలా భాగం దోషం కాదు, ఎదుగుదల తీరే అంత. మొదటి ఏడాదిలో బిడ్డ బరువు మూడింతలవుతుంది, పొడవు సుమారు 50 సెంటీమీటర్ల నుంచి 75కు చేరుతుంది; రెండో ఏట పెరిగేది 12 సెంటీమీటర్ల వరకే; ఆ తర్వాత కొంతకాలానికి ఏడాదికి ఆరు సెంటీమీటర్లు, రెండు కిలోలు అన్న నిదానపు నడకలో పడి, యౌవనారంభం దాకా అలాగే సాగుతుంది. పెరుగుదల వేగం పడిపోయినప్పుడు ఆకలి కూడా పడిపోతుంది. ఎందుకు పడిపోవాలి అన్న ప్రశ్నకు 2014లో క్రిస్టఫర్ కుజావా బృందం ఇచ్చిన జవాబు ఆశ్చర్యకరమైనది: అయిదేళ్ల ప్రాయంలో బిడ్డ శరీరం విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో మూడింట రెండు వంతులను, రోజు మొత్తం ఖర్చులో 43 శాతాన్ని మెదడు ఒక్కటే వాడుకుంటుంది. పెద్దవాళ్ల మెదడుకు విశ్రాంతి వేళ ఖర్చులో అయిదో వంతు, మహా అయితే నాలుగో వంతు సరిపోతుంది. ఆ వయసులో శరీరం ఎదగడం నెమ్మదించి, మెదడుకు దారి ఇస్తుందన్నమాట. ఎత్తు పెరగలేదని తల్లి దిగులుపడే ఏళ్లలోనే బిడ్డ మాటలు, లెక్కలు, అబద్ధాలు, స్నేహాలు నేర్చుకుంటోంది.

పూటకో తీరుగా తినే పిల్లల గురించి మరో పరిశోధన ప్రతి తల్లీ తెలుసుకోదగ్గది. లియాన్ బర్చ్, ఆమె సహచరులు రెండు నుంచి అయిదేళ్ల మధ్య వయసున్న 15 మంది పిల్లలు ఆరు రోజుల పాటు తిన్న ప్రతి ముద్దనూ తూచి 1991లో ప్రచురించిన ఫలితం ప్రకారం, ఒక పూట తిండిలో హెచ్చుతగ్గులు సగటున మూడో వంతు దాకా ఉండగా, ఇరవైనాలుగు గంటల మొత్తంలో ఆ తేడా సుమారు పదో వంతే. పొద్దున మానేసిన దాన్ని బిడ్డ సాయంత్రానికి పూడ్చుకుంటుంది. టీవీ ముందు కూర్చోబెట్టి, బూచివాడిని చూపించి, చివరి ముద్ద దాకా కుక్కే అలవాటు ఈ లోపలి కొలమానాన్నే చెడగొడుతుంది.

అయితే ఈ ఓదార్పుకు ఒక హద్దు ఉంది, దాన్ని దాటి చెప్పడం ప్రమాదకరం. ఎంత తినాలో బిడ్డ శరీరానికి తెలుసు. ఏది తినాలో తెలియదు. అదే 2019–21 సర్వేలో తెలంగాణలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో దాదాపు 70 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు, మూడో వంతు పిల్లలు వయసుకు తగ్గ ఎత్తు లేనట్టు తేలింది. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలోనూ సగానికి పైగా రక్తహీనులే కనుక, రక్తం తక్కువైన తల్లి రక్తం తక్కువైన బిడ్డను సాకుతోందని ఆ అంకెలను కలిపి చదవాలి. మెదడు అంత ఆకలిగా ఉన్న వయసులో ఇనుము కొరవడితే దాని నష్టం చదువులో, శ్రద్ధలో కనిపిస్తుంది. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలి వచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థగా పేరు మారిన ప్రయోగశాల ఈ నగరానికి దక్కిన గొప్ప సంపద. ఆరు నెలలకొకసారి విటమిన్ ఏ భారీ మోతాదు నోట్లో పోస్తే పిల్లల కళ్లు ఎండి గుడ్డివి కాకుండా కాపాడవచ్చని అక్కడి శాస్త్రవేత్తలు క్షేత్రస్థాయిలో నిరూపించినందునే 1970లో దేశవ్యాప్త కార్యక్రమం మొదలైంది. నేటికీ తల్లి చేతిలోని కార్డులో తొమ్మిదో నెల నుంచి అయిదేళ్ల దాకా ఆ చుక్కల మందుకు గళ్లు ఉంటాయి. 1975 అక్టోబర్ 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల కింద బస్తీల్లో నడిచే అంగన్‌వాడీల నుంచి ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు బాలామృతం పొడి అందుతుంది. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి పేరుతో గర్భిణులకు, బాలింతలకు అక్కడే ఒక పూట పూర్తి భోజనం పెడుతున్నారు. బిడ్డకు పెట్టి మిగిలితే తాను తినే తల్లికి, కూర్చోబెట్టి వడ్డించే ఆ ఒక్క పూట విలువ కేలరీల్లో కొలవగలిగినదానికంటే ఎక్కువ.

తిండి తర్వాత మాట. ఈ విషయంలో ఆబిడ్స్–నాంపల్లి బిడ్డకు దక్కే భాగ్యం అరుదైనది. ఇంట్లో తెలుగు, మెట్ల మీద కలిసే పక్కింటావిడతో దక్కనీ ఉర్దూ, కిరాణా కొట్టులో మార్వాడీ యాస హిందీ, బడిలో ఇంగ్లిషు, కొన్ని ఇళ్లలో మరాఠీ, కన్నడం, ఇవన్నీ ఏడాది నిండకుండానే బిడ్డ చెవిన పడతాయి. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రకటించిన ప్రయోగం ఈ వీధులకు అచ్చంగా సరిపోతుంది. నాలుక పళ్లకు తగిలే 'త', నాలుక వెనక్కి మడిచే 'ట' హిందీలో వేర్వేరు ధ్వనులు. ఇంగ్లిషు మాట్లాడే పెద్దలకు ఆ తేడా వినపడటమే కష్టం. ఇంగ్లిషు ఇళ్లలో పుట్టిన ఆరేడు నెలల పిల్లలు మాత్రం ఆ తేడాను సులువుగా పట్టారు. పది పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ శక్తి వాళ్లలో చాలావరకు పోయింది. పుట్టుకతో బిడ్డ చెవి ప్రపంచ భాషలన్నిటికీ తెరిచి ఉండి, చుట్టూ వినిపించే ధ్వనులను ఉంచుకుని మిగిలిన వాటిని మొదటి ఏడాది చివరికి వదిలేస్తుంది. రెండు మూడు భాషలు వింటే బిడ్డకు మాటలు ఆలస్యమవుతాయని పెద్దలు భయపెడతారు గాని, తొలి మాటలు వచ్చే వయసులో అలాంటి పిల్లలకూ ఒకే భాష వినే పిల్లలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒక్కో భాషలో పదాలు తక్కువగా కనిపించినా అన్ని భాషలవీ కూడితే లెక్క సరిపోతుంది, ఒకే వాక్యంలో రెండు భాషలు కలిపేయడం తికమకకు గుర్తు కాదు.

భాష ఎక్కడి నుంచి చెవిన పడుతుందన్నది మాత్రం చాలా ముఖ్యం. పాట్రీషియా కూల్ 2003లో ప్రచురించిన ప్రయోగంలో, అమెరికాలోని తొమ్మిది నెలల పిల్లలకు పన్నెండు విడతలుగా మాండరిన్ చైనీస్ వినిపించారు. మనిషి ఎదుట కూర్చుని ఆటబొమ్మలు చూపిస్తూ మాట్లాడిన పిల్లలు ఆ భాష ధ్వనులను పట్టుకున్నారు. అవే మాటలను అదే మనిషి నోట టీవీ తెర మీద విన్నవారికి ఏమీ అంటలేదు. పసిబిడ్డ మెదడు తనను చూసి, తన చూపును వెంబడించి, తన ఊఁ కొట్టడానికి బదులిచ్చే మనిషి నుంచే భాషను తీసుకుంటుంది. స్నానం చేయిస్తూ 'లాల' అనీ, అన్నం కలుపుతూ 'బువ్వ' అనీ, దేవుడి పటం చూపిస్తూ 'జేజి' అనీ గొంతు సాగదీసి పలికే తల్లి ఏ పాఠ్యప్రణాళికా చేయలేని బోధన చేస్తోంది. వంట పొయ్యి మీద ఉన్నప్పుడు, చిన్నవాడు ఏడుస్తున్నప్పుడు, పెద్దదాని చేతికి ఫోన్ ఇవ్వడం తల్లి బద్ధకమని తిట్టేవారు ఆ ఫోన్ ఎవరి స్థానంలో వచ్చిందో ఆలోచించాలి: పక్కన కూర్చుని కబుర్లు చెప్పే అమ్మమ్మ, పిన్ని, పెద్దమ్మ లేని ఇంట్లో అది అద్దెకు దొరికిన ఆయా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలే వద్దనీ, నాలుగేళ్ల దాకా రోజుకు గంట దాటకూడదనీ చెప్పింది. ఆ గంట దాటకుండా చూసే రెండో పెద్దమనిషి ఇంట్లో ఎవరన్నది ఏ సూచనపత్రంలోనూ రాయలేదు.

నిద్ర లెక్క సూటిగా ఉంటుంది, అమలే కష్టం. మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు, ఆరేళ్లు దాటినవారికి 9 నుంచి 12 గంటలు నిద్ర కావాలని నిద్రవైద్య నిపుణుల సిఫార్సు. ఎనిమిదింటి బడిగంటకు అందాల్సిన బిడ్డ ఆరున్నరకు లేవాలంటే రాత్రి తొమ్మిదికి పడుకుంటే గాని తొమ్మిదిన్నర గంటలు దక్కవు. ఆబిడ్స్ దుకాణంలో పనిచేసే తండ్రి షట్టర్ దించి ఇల్లు చేరేదే తొమ్మిది దాటాక కనుక, ఆయన ముఖం చూడాలని పిల్లలు మేలుకుని ఉంటారు. జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి నడిమి దాకా నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్ జరిగే రోజుల్లో ఈ చుట్టుపక్కల ఇళ్లకు రాత్రి మరింత ఆలస్యంగా వస్తుంది. ఎదుగుదలకు తోడ్పడే హార్మోను అధికభాగం రాత్రి తొలి జాముల గాఢనిద్రలో విడుదలవుతుందని తెలిసినా, తండ్రి పలకరింపుకు, నిద్రకు మధ్య ఏది వదులుకోవాలో తేల్చాల్సింది మళ్లీ తల్లే.

తల్లి మెదడు సంగతి కూడా చూడాలి. ఎల్సెలైన్ హూక్‌జెమా బృందం 2016 చివర్లో ప్రకటించిన అధ్యయనంలో, తొలిసారి గర్భం దాల్చడానికి ముందు, కాన్పు తర్వాత తీసిన మెదడు చిత్రాలను పోల్చగా, ఎదుటివారి మనసును అంచనా కట్టే ప్రాంతాల్లో బూడిదరంగు పదార్థం, అంటే నాడీకణాల శరీరాలు దట్టంగా ఉండే పొర, తగ్గినట్టు కనిపించింది. రెండేళ్ల తర్వాతా ఆ మార్పు నిలిచే ఉంది. ఇది క్షీణత కాదనీ, కౌమారంలో జరిగేలాంటి చక్కదిద్దుకోవడమేననీ పరిశోధకుల అభిప్రాయం; ఆ మార్పు ఎక్కువగా ఉన్న తల్లులు తమ బిడ్డతో అనుబంధం కూడా ఎక్కువగా ఉన్నట్టు చెప్పారు. మతిమరుపు వచ్చిందని నవ్వులపాలయ్యే బాలింత మెదడు, అప్పుడే ఒక కొత్త మనిషిని చదవడం నేర్చుకుంటోంది.

ఇక చేతుల లెక్క. బిడ్డకు తల్లితో ఏర్పడే అనుబంధాన్ని, అంటే భయమేసినప్పుడు పరుగెత్తి చేరే సురక్షిత స్థానం ఉందన్న నమ్మకాన్ని, మేరీ ఐన్స్‌వర్త్ మొదట పరిశీలించింది 1950లలో ఉగాండా పల్లెల్లో; అక్కడి పసివాళ్లలో చాలామందికి తల్లితో పాటు మరికొందరు పెద్దలూ అలాంటి ఆసరాగా ఉన్నారు. టాంజానియాలోని హద్‌జా ప్రజల్లో తల్లి చంటిబిడ్డతో సతమతమవుతున్నప్పుడు, పాలు మానిన పెద్దబిడ్డ బరువు అమ్మమ్మ తవ్వి తెచ్చే దుంపలను బట్టి పెరుగుతుందని క్రిస్టెన్ హాక్స్ బృందం చూపింది. కనే వయసు దాటాక కూడా స్త్రీ దశాబ్దాలు బతకడానికి కారణం ఇదేనన్న ఊహకు అమ్మమ్మ ప్రతిపాదన అని పేరు. తొలికాన్పు పుట్టింట్లో జరగాలన్న తెలుగువారి ఆచారం, బాలింతకు నెలల తరబడి అమ్మ, అమ్మమ్మ, మేనత్తలు స్నానం, పథ్యం, జోల పంచుకునే పద్ధతి, ఈ దృష్టితో చూస్తే వట్టి మురిపెం కాదు, జీవశాస్త్రం అడిగిన ఏర్పాటే. దాని లోపం ఒక్కటే: అది అయిదో నెలతో ముగుస్తుంది. అసలు బరువు రెండో బిడ్డ పుట్టాక, అత్తగారింట్లో, ఇరుకు గదుల్లో మొదలవుతుంది.

కేంద్ర గణాంక శాఖ 2019లో జరిపిన కాలవినియోగ సర్వేలో, ఇంటిపని చేసే భారతీయ స్త్రీ రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే పురుషుడు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నట్టు తేలింది. పిల్లలను, ముసలివారిని చూసుకోవడంలో స్త్రీకి 134 నిమిషాలు, పురుషుడికి 76. పైగా ఇంటిపనిలో ఏ రోజైనా అసలు చేయి పెట్టే పురుషులు నాలుగో వంతు మాత్రమే. మగవాడి స్వభావమే అంత అనడానికి వీల్లేదు. మధ్య ఆఫ్రికా అడవుల్లోని అకా ప్రజల్లో తండ్రి దాదాపు సగం రోజు చంటిబిడ్డకు చేయి చాచేంత దూరంలోనే గడుపుతాడని బారీ హ్యూలెట్ నమోదు చేశాడు.

చట్టం కొంత సాయం చేసింది. ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించినప్పుడు మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చారు. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట శిశుగృహం ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చనీ నిర్దేశించారు. ఆరు నెలల పాటు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలన్న వైద్యసూచనకు 26 వారాలు సరిగ్గా సరిపోతాయి. కాని ఆబిడ్స్ నుంచి కోఠీ దాకా బట్టల కొట్లలో, చెప్పుల కొట్లలో, మందుల షాపుల్లో పనిచేసే స్త్రీలలో ఎక్కువమంది యాభైమంది లేని చోటే ఉన్నారు. పది దుకాణాలకు కలిపి ఒక శిశుగృహం పెట్టవచ్చన్న ఆలోచన ఎవరికీ కొత్తది కాదు, ఖర్చూ పెద్దది కాదు. బజారు మొత్తాన్ని ఒక యజమానిగా లెక్కించే నిబంధనే లేదు.

ఈ ప్రాంతం తల్లికి ఇచ్చిన అతి పెద్ద చేయి రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రి. ఏడో నిజాం రెండో కోడలు, మొజంజాహీ మార్కెట్‌కు పేరిచ్చిన మొజంజా భార్య అయిన నీలోఫర్ రాకుమారి, తన పరిచారిక ప్రసవంలో చనిపోయిన దుఃఖంతో తల్లీపిల్లల కోసమే ఒక ఆసుపత్రి కట్టించాలని పట్టుబట్టగా, 1953లో అది మొదలైంది. నెలలు నిండని శిశువుల నుంచి జ్వరంతో మూలిగే నాలుగేళ్లవారి దాకా జిల్లాల నుంచి సైతం ఇక్కడికే తీసుకొస్తారు. ఒక బిడ్డను వార్డులో చేర్చి, మరో బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఆవరణలో రాత్రులు గడిపే తల్లులను చూసినప్పుడు, పేర్చినట్టు పుట్టిన సంతానం అన్న మాటకు అర్థం పుస్తకాలకంటే స్పష్టంగా తెలుస్తుంది. ఆసుపత్రి ఒక బిడ్డనే చేర్చుకుంటుంది, తల్లికి ఇద్దరుంటారు.

ఆటకు చోటు పబ్లిక్ గార్డెన్స్, అందులోని జవహర్ బాలభవన్. ఆరుబయటి వెలుగు కళ్లకూ అవసరం: చైనాలోని గ్వాంగ్‌జౌ బడుల్లో రోజుకు అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపించిన పిల్లల్లో మూడేళ్లలో హ్రస్వదృష్టి, అంటే దూరపు వస్తువులు మసకగా కనిపించే దోషం, కొత్తగా వచ్చినవారు 30 శాతం కాగా, గడపనివారిలో అది 40 శాతానికి దగ్గరగా ఉందని 2015లో తేలింది. చిరాగ్ అలీ లేన్‌లో మూడో అంతస్తులో ఉండే బిడ్డకు ఆ నలభై నిమిషాల వెలుగు దక్కాలంటే తల్లి రానూ పోనూ అంతకు రెట్టింపు సమయం కేటాయించాలి, ఎందుకంటే ఆ వయసువారు ఒంటరిగా రోడ్డు దాటలేరు.

ఇక్కడే ఎదుగుదల కథ మరో మలుపు తిరుగుతుంది. అయిదు నుంచి ఏడేళ్ల మధ్య పిల్లల్లో ఒక మార్పు వస్తుంది: చెప్పిన పని గుర్తుంచుకోవడం, ఆవేశాన్ని ఆపుకోవడం, ఎదుటివాడికి ఏం తెలుసో ఏం తెలియదో ఊహించడం కుదురుకుంటాయి. బార్బరా రోగోఫ్, ఆమె సహచరులు 1975లో యాభై సమాజాల వర్ణనలను పోల్చి చూసినప్పుడు, చిన్నవాళ్లను ఆడించడం, మేకలు కాయడం, కబురు మోయడం వంటి బాధ్యతలు పిల్లలకు దాదాపు ఈ వయసులోనే అప్పగిస్తున్నట్టు కనిపించింది. మానవ తల్లికి ప్రకృతి సమకూర్చిన సహాయకుల్లో ఆమె పెద్దబిడ్డ కూడా ఉంది. మొదటి బిడ్డ ఏడేళ్లకు చేరేసరికి చిన్నవాడికి తోడుగా, తల్లికి ఆసరాగా మారుతుంది. కాని నాంపల్లి రైల్వే స్టేషన్ ముందు, ఆబిడ్స్ జీపీవో కూడలిలో, ఏడేళ్ల పిల్ల తమ్ముడి చేయి పట్టుకుని రోడ్డు దాటడానికి ఏ తల్లీ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు. పాదచారుల దారులను బండ్లు, సరుకులు ఆక్రమించి, కూడళ్లలో వాహనాలు ఆగకుండా పోయే చోట, పెద్దబిడ్డ సహాయకురాలయ్యే వయసు ఏడు నుంచి పన్నెండుకో పద్నాలుగుకో జరిగిపోతుంది. పిల్లలు ఇద్దరే అయినా తల్లి నడక తగ్గకపోవడానికి ఇదొక కారణం. తొలిగంటకు బడి ముందున్న వీధిలో అరగంట పాటు వాహనాలు ఆపి, దారిని నడిచేవారికి వదిలిపెడితే, ఈ రెండు పేటల్లోని పెద్దపిల్లలు తమ్ముళ్లను, చెల్లెళ్లను తామే బడికి తీసుకెళ్లగలరు. ఆ వయసుకు కావలసిన తెలివి వాళ్లకు అప్పటికే వచ్చి ఉంటుంది.